కారు చక్రపు తూకము – వణుకు

చిత్తూరునుండి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి కారులో పోవునపుడు, ఒకానొక వేగమున స్టీరింగు చేతిలో సన్నగా వణకుటయు, వేగము తగ్గింపగనే యా వణుకు ఉడిగిపోవుటయు పలువు రెఱిగినదే. రోడ్డు మంచిది కాదని సరిపెట్టుకొనువారు కొందఱు. కారే పాడయినదని బెంగపడువారు మఱికొందఱు. ఇది దేనివలన కలుగునో, ఇంటియొద్ద దీని నెంతవఱకు పరీక్షింపవచ్చునో మేమిచట వివరింప బూనితిమి.

కుమ్మరి సారెమీద మట్టిముద్ద నట్టనడుమ గాక ఒకప్రక్కకు ఒరిగి కూర్చున్నచో, సారె తిరుగుకొలది ముద్ద వెలుపలికి లాగును. కారు చక్రమును అంతియే. టైరుగాని రిమ్ముగాని చుట్టును ఒకే బరువు గలిగి యుండుట అరుదు. ఇరువది గ్రాముల హెచ్చుతగ్గు ఏమి చేయగలదని విద్యార్థు లడుగవచ్చును. లెక్క వేసి చూతము. టైరు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లు, రిమ్ము వ్యాసార్ధము 18 సెంటీమీటర్లు అనుకొందము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఆ చక్రము సెకనుకు ఇంచుమించు 12 చుట్లు తిరుగును. అపుడు రిమ్ముమీది 20 గ్రాములు, దాదాపు 2 కిలోల బరువు లాగినంత బలముతో ప్రతిచుట్టునను చక్రమును వెలికి లాగును! ఈ బలము వేగముయొక్క వర్గమునుబట్టి మాఱును. వేగము సగమైనచో బలము నాలవవంతే. కావుననే ఊరివీధులలో తెలియని దోషము బయలు రోడ్డుపై తెలియుచున్నది.

పరీక్షకు ముందు రిమ్ము లోపలివైపు కడుగవలెను. వానకాలమున అచట గట్టిపడిన బురదయే పలుమాఱులు దోషమునకు కారణము. దానిని గీకివేసినంతనే వణుకు పోయిన కారులు కలవు. పిమ్మట సమతలమున కారు నిలిపి, తక్కిన చక్రములకు ఱాళ్లు అడ్డము పెట్టి, ఇంజను త్రిప్పని చక్రమును జాకీతో ఎత్తవలెను. అది వెనుక చక్రమైనచో కారును గేరులో నుంచి చేతిబ్రేకు విడువవలెను. జాకీమీద నున్న కారు క్రిందికి ఎవరును, ముఖ్యముగా పిల్లలు, దూరరాదు.

చక్రమును మెల్లగా త్రిప్పి విడిచి, నిలిచినపుడు అడుగున సుద్దతో గుర్తు పెట్టుడు. మూడు నాలుగు మాఱులు ఆ గుర్తే క్రిందికి వచ్చినచో బరువు అచటనే యున్నది. దానికి సరిగా ఎదుట, అనగా పైభాగమున, అంటించుబిళ్ల నొకదానిని రిమ్మునకు అంటింపవలెను. గుర్తును ప్రక్కకు తెచ్చి విడిచినను చక్రము కదలక నిలిచినచో తూకము కుదిరినట్లే. అయినను బ్రేకు రాపిడివలన కొద్ది గ్రాముల తేడా మఱుగుపడును. అదియుగాక, చక్రపు లోవైపునకును వెలివైపునకును గల తూకపు భేదము, దానిని వేగముగా త్రిప్పు యంత్రముమీదనే బయటపడును. ఇంటి పరీక్ష దుకాణమునకు బదులు కాదు. అచట ఏమి చెప్పవలెనో తెలిసికొనుటకు ఉపకరించునని మా తలంపు.

వంకర వేఱు, తూకము వేఱు. ఇటుకపై నొక పుల్లను రిమ్ము అంచునకు దగ్గఱగా నిలిపి చక్రమును త్రిప్పినచో సందు మాఱుచున్నదా లేదా తెలియును. రెండు మూడు మిల్లీమీటర్లు మాఱినచో రిమ్ము వంగినది. రిమ్ము నిలుకడగా నుండి టైరు మాత్రము ఊగినచో లోపము టైరుదే. టైరు ప్రక్కన ఉబ్బు కనబడినచో ఇక తూకము మాటయే వలదు, దానిని మార్చవలసినదే.

తిరుమల కనుమలో ఈ వివేకము మిక్కిలి అవసరము. 1944లో తెఱవబడిన మొదటి దారి నేడు దిగుటకును, 1974 నాటి రెండవది ఎక్కుటకును వాడుకలో నున్నవి. ఆ మలుపులలో వేగము స్వల్పము గనుక తూకపు దోషము తెలియరాదు. అట్టిచోట చక్రము ఊగినచో కారణము వేఱు: నట్లు వదులగుట, టైరు ఉబ్బుట, రిమ్ము వంగుట. బ్రేకు త్రొక్కినపుడే వణకినచో అది బ్రేకు పళ్లెముల వంకరయై యుండవచ్చును. వీనిలో దేనినైనను సన్నని వణుకేగదా యని ఉపేక్షింపక, చోటు దొరకినంతనే కారు నిలిపి చూడవలెను.

చక్రము మరల బిగించునపుడు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించి, జాకీ దింపిన పిమ్మట గట్టిచేయవలెను. తిరుపతిలో బిగించినవానిని చిత్తూరు చేరగనే మఱియొకమాఱు పరీక్షించుట మంచిది.