టబ్బు ఎప్పుడొస్తుందంటే...

దసరాకి బట్టలు కుట్టమని ఇస్తే దర్జీ 'రేపు రండి' అంటాడు. ఆ రేపు ఎప్పుడో మనకు తెలుసు. పండగ వెళ్లాక! అయినా సర్దుకుపోతాం. అమెరికాలో హాట్ టబ్‌లు అమ్మే డీలర్లకు ఆ వెసులుబాటు లేదు. వేల డాలర్ల సరుకాయె. కొన్నవాళ్లు అడ్వాన్సు కట్టి, పెరట్లో దిమ్మె పోయించుకుని ఎదురుచూస్తుంటారు. 'ఎప్పుడిస్తారు?' అంటే ఏదో ఒక తేదీ చెప్పి తీరాలి. చిత్రమేంటంటే... ఆ తేదీలో డీలరు చేతిలో ఉండేది చివరి నాలుగైదు రోజులే!

హాట్ టబ్ అంటే పెరట్లో పెట్టుకునే వేడినీళ్ల తొట్టి. నలుగురైదుగురు కూర్చోవచ్చు. చుట్టూ ఉన్న జెట్లలోంచి నీళ్లు వేగంగా చిమ్ముతూ ఒళ్లు పడుతుంటాయి. ఇది విలాసం కోసం పుట్టింది కాదు. ఇటలీ నుంచి కాలిఫోర్నియా వలసెళ్లి పంపులు తయారుచేసిన జకూజీ సోదరుల్లో కాండిడో ఒకరు. కీళ్లవాతంతో బాధపడే కొడుకు కోసం ఆయన, స్నానాల తొట్టిలో పెట్టి వాడే పంపును రూపొందించారు. 1956లో అది మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలోనూ 'పెరట్లో ఒకటుంటే బావుణ్ను' అనుకునేవారున్నారు.

లారీ నిండితేనే...

ఫ్యాక్టరీలో మొదట ఆక్రిలిక్ షీటును వేడిచేసి అచ్చు మీద తొట్టి ఆకారానికి తెస్తారు. వెనక ఫైబర్‌గ్లాస్ పూత. తర్వాత రంధ్రాలు చేసి పైపులూ జెట్లూ బిగిస్తారు. వేడి పోకుండా ఫోమ్ కొడతారు. పంపు, హీటరు, కంట్రోల్ బోర్డు అమర్చి, నీళ్లు నింపి పరీక్షిస్తారు. వీటిలో ఏ ఒక్కటి అందకపోయినా మిగతా టబ్బంతా సిద్ధంగా ఉండీ షెడ్డులో కూర్చోవాల్సిందే.

తయారైనా వెంటనే బయల్దేరదు. ఒకటీ రెండూ టబ్బుల కోసం లారీ పంపితే కిరాయి గిట్టుబాటు కాదు. మనూళ్లో షేర్ ఆటోలాగే... నిండితేనే కదులుతుంది. అందుకే అనుభవమున్న డీలర్లు, వచ్చే సీజనుకి ఏ మోడళ్లు ఎన్ని పోతాయో అంచనావేసి ముందే ఆర్డర్లు పెట్టేస్తారు. ఆనక వచ్చిన కొనుగోలుదారుకి, దారిలో ఉన్నవాటినే చూపిస్తారు. 'మీరడిగిన నీలం రంగుకి నాలుగు నెలలు. బూడిద రంగుదైతే వచ్చే నెల లారీలో ఉంది' అన్నట్టు. చాలామంది ఆ మాటతో రంగు మార్చుకుంటారు. నిజానికి ఇక్కడ డీలరు అమ్ముతున్నది టబ్బునే కాదు, వరుసలో చోటుని కూడా!

టెక్సాస్‌లో గడ్డకడితే

ఈ లెక్కలన్నీ 2020లో తలకిందులయ్యాయి. కొవిడ్‌తో జనం ఇళ్లకే పరిమితమయ్యారు. విహారయాత్రలకని దాచుకున్న డబ్బు పెరటివైపు మళ్లింది. అదే సమయంలో ఫ్యాక్టరీల్లో పనివాళ్లు తక్కువ. కొన్ని వారాల్లో వచ్చే టబ్బుకి ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది కూడా ఆగాల్సొచ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచుతుపాను ముంచెత్తింది. కరెంటు పోయి హ్యూస్టన్, డల్లాస్‌లలోని తెలుగు కుటుంబాలు కూడా వణుకుతూ గడిపిన రోజులవి. ఆ తీరంలోని పెట్రో రసాయనాల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పైపుల ప్లాస్టిక్‌కీ ఫోమ్‌కీ కావాల్సిన ముడిసరుకు అక్కడి నుంచే వెళ్లాలి. కంట్రోల్ బోర్డులకు చిప్‌ల కరువు సరేసరి. మార్చిలో 'ఎవర్ గివెన్' నౌక సూయజ్ కాలువలో ఆరు రోజులు ఇరుక్కుపోయింది. 2021 చివర్లో లాస్ ఏంజెలెస్ రేవుల బయట పదులకొద్దీ నౌకలు బారులు తీరాయి. ఏ పంపు ఏ నౌకలో ఉందో తెలియని డీలరు తేదీ ఎలా చెప్పగలడు?

తెలివైనవాళ్లు తేదీ చెప్పడం మానేశారు. 'ఫలానా నెలల మధ్య' అన్నారు. కబురేమీ లేకపోయినా పదిహేను రోజులకోసారి ఫోన్ చేసి 'ఇంకా రాలేదండీ' అని చెప్పడం మొదలెట్టారు. టబ్బు తమ గోదాములో దిగాకే కచ్చితమైన రోజు ఖాయం చేశారు. అమ్మకం పోతుందేమోనన్న భయంతో 'ఆరు వారాలే' అని ఒప్పించినవాళ్లకే తిట్లు ఎక్కువ. ఏడాదని ముందే వింటే జనం ఆలోచించుకుంటారు. ఆరు వారాలని విని, ఆర్నెల్లు ఆగడమే ఒళ్లు మండిస్తుంది.

2022 తర్వాత గిరాకీ చల్లబడింది. అప్పుడు మరో తిప్పలు. కొరత భయంతో ఎక్కువెక్కువ రాసిపెట్టిన ఆర్డర్లన్నీ వచ్చిపడి, కొందరు డీలర్లకు గోదాముల్లో చోటు చాలలేదు.

కొనేవాళ్ల వాటా

ఆలస్యమంతా అవతలివాళ్లదే అనుకుంటే పొరపాటు. పదిహేను వందల లీటర్ల నీళ్లంటేనే టన్నున్నర. మనుషులు అదనం. కింద గట్టి దిమ్మె ఉండాలి. కాంక్రీటు పూర్తి బలానికి రావడానికి 28 రోజులని ఇంజినీర్ల లెక్క. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం నేల గడ్డకడితే దిమ్మె పోయడమే కష్టం. పెద్ద టబ్బులకు 240 వోల్టుల ప్రత్యేక లైను, దానికి చాలాచోట్ల స్థానిక అనుమతి కావాలి. పక్కకి నిలబెట్టి తెచ్చినా గేటులో పట్టకపోతే, ఇంటి మీదుగా క్రేన్‌తో దించాల్సిందే. గేటు కొలత ముందే తీసుకోని డీలరు ఎంత కచ్చితమైన తేదీ చెప్పినా నమ్మడం కష్టం.

మరి చట్టం? ఫోన్‌లోనో ఇంటర్నెట్‌లోనో కొంటే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. 1975లో పోస్టు ద్వారా అమ్మకాల కోసం తెచ్చి, తర్వాత వీటికీ వర్తింపజేశారు. చెప్పిన గడువుకి సహేతుకమైన ఆధారం ఉండాలి. గడువు చెప్పకపోతే మామూలుగా 30 రోజుల్లో పంపాలి. ఆలస్యమైతే తెలియజేసి, వద్దంటే డబ్బు వాపసివ్వాలి. షోరూముకి వెళ్లి కొన్నవాటికి ఇది వర్తించదు. అక్కడ ఆ రాష్ట్ర చట్టాలూ, సంతకం పెట్టిన కాగితమే ఆధారం.

కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో అక్కడ టబ్బు కొంటానంటే, అడ్వాన్సు కట్టేముందు మూడు సంగతులు అడగమనండి. ఈ టబ్బు తయారైందా, లేక ఇంకా ఆర్డరు దశలోనే ఉందా? తయారైతే సీరియల్ నంబరెంత? చెప్పిన నెల దాటితే అడ్వాన్సు వెనక్కిస్తామని కాగితం మీద రాసిస్తారా?