గుండెల్లో గుబులంటే గుండెజబ్బేనా?

హోసూరు పక్క పల్లెలో ఒక అవ్వ. నెల రోజులుగా "గుండెల్లో గుబులుగా ఉంది" అంటోంది. మనవడు ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు తమిళంలో "నెంజు వలి" అని చెప్పాడు. అంటే ఛాతీ నొప్పి. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. రక్త పరీక్షలూ బాగానే ఉన్నాయి. గ్యాస్ మాత్ర, బలానికి టానిక్ రాసి పంపారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే గుబులు, మళ్లీ అదే ఈసీజీ. బళ్లారిలో అయితే ఆ మాట "ఎదె నోవు" అవుతుంది. బరంపురంలో, షోలాపూరులో ఇంకొకటి అవుతుంది. అవ్వ పేరు చెప్పలేదు కానీ, ఇలాంటి ఇల్లు మనలో చాలామందికి తెలుసు.

గుబులంటే నొప్పి కాదు. అందులో భయం ఉంది, దిగులు ఉంది, ఏదో జరగబోతోందన్న కంగారు ఉంది. భాష మారేటప్పుడు అవన్నీ జారిపోయి ఒక్క ఛాతీ మాత్రమే మిగిలింది. మానసిక జబ్బులు మన ఇళ్లలో దొరక్కుండా తప్పించుకునే దారుల్లో ఇదొకటి.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవాళ్లలో పదిమందికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది.

ఎక్కువగా కనిపించేవి ఇవీ

డిప్రెషన్: కష్టం వస్తే దిగులు అందరికీ ఉంటుంది. నాలుగు రోజులకు తగ్గుతుంది. రెండు వారాలు దాటినా, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు మనసు కుంగి ఉండటం, ఇదివరకు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం దీని గుర్తులు. నిద్ర, ఆకలి తగ్గుతాయి, లేదా పెరుగుతాయి. ఒళ్లంతా నీరసం. "నేను అందరికీ బరువు" అన్న మాట నోట వస్తుంది.

యాంగ్జయిటీ: పిల్లల చదువు, అప్పు, ఆరోగ్యం, రేపటి ప్రయాణం, ఇలా ప్రతిదాని మీదా ఆపుకోలేని ఆందోళన నెలల తరబడి సాగుతుంది. మెడ, భుజాలు బిగుసుకుపోతాయి, గుండె దడ, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి.

ప్యానిక్ ఎటాక్: ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం, "చచ్చిపోతున్నా" అన్న భయం. పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. మొదటిసారి వస్తే మాత్రం గుండె పరీక్ష తప్పక చేయించాలి. గుండె బాగుందని తేలాక కూడా పదేపదే వస్తుంటే మనసు డాక్టరును చూడాలి.

ఓసీడీ: వద్దనుకున్నా ఒకే ఆలోచన వెంటాడుతుంది. అది పోవడానికి చేతులు కడగడం, తాళం చూడటం వంటి పని మళ్లీ మళ్లీ చేస్తారు. "మడి ఎక్కువ" అని మనం సర్దుకుపోతాం. మడి కట్టుకున్నవారు పని అయ్యాక నిశ్చింతగా ఉంటారు. వీరికి నిశ్చింత ఉండదు, గంటలు పోతాయి, చేతుల చర్మం పగులుతుంది.

మనిషిని బట్టి మారే రూపం

ఒకే డిప్రెషన్ అందరిలో ఒకేలా కనిపించదు. ఆడవాళ్లలో చాలాసార్లు తలనొప్పి, ఒళ్లు నొప్పులుగా బయటపడుతుంది. మగవాళ్లలో చిరాకు, కోపం, తాగుడుగా మారుతుంది. మగ్గం మీద రోజంతా కూర్చున్నా పని సాగదు, కూలి తగ్గుతుంది, ఇంట్లో గొడవ మొదలవుతుంది. పిల్లల్లో కడుపునొప్పి, బడికి వెళ్లనని మారాం, మార్కులు పడిపోవడం చూస్తాం. పెద్దవాళ్లలో మతిమరుపులా ఉంటుంది. కాన్పు తర్వాత వారాలు గడిచినా ఏడుస్తూ, బిడ్డ మీద మనసు పెట్టలేని బాలింతను "సోమరి" అనడం అన్యాయం. అదీ జబ్బే. షుగరు ఉన్నవారికి డిప్రెషన్ తోడైతే మాత్రలు సరిగా వేసుకోరు, షుగరు అదుపు తప్పుతుంది.

డాక్టరుకు ఎలా చెప్పాలి

వెంట వెళ్లేవారు ఒక్క ముక్కలో అనువదించకండి. "గుబులు" అన్న మాటకు అవతలి భాషలో సరైన మాట దొరక్కపోతే విడమర్చి చెప్పండి. నొప్పి ఉందా, భయమా, ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, అన్నం తింటున్నారా, ఏ పని మానేశారు, ఇవన్నీ ముందే కాగితం మీద రాసుకోండి.

ఎవరు వెంట వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే. కొడుకు అనువాదం చేస్తుంటే కోడలితో ఉన్న బాధ తల్లి చెప్పదు. భర్త పక్కన ఉంటే అతని తాగుడు గురించి భార్య మాట్లాడదు. రోగికి నమ్మకం ఉన్న మనిషిని వారినే ఎంచుకోనివ్వండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మన పక్షానే ఉంది. చికిత్స గురించి రోగికి అర్థమయ్యే భాషలోనే చెప్పాలని, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అది అంటుంది.

ఆ గోప్యత మనకు మరీ అవసరం. మనవి చిన్న సమాజాలు, సంబంధాలు ఆ నాలుగు ఊళ్ల మధ్యే తిరుగుతాయి. "బయటికి పొక్కితే పిల్లకు పెళ్లి కాదు" అన్న భయంతో జబ్బును ఏళ్ల తరబడి దాచేస్తాం. దాచిన కొద్దీ ముదిరేది జబ్బే.

ఎక్కడికి వెళ్లాలి

మొదటి మెట్టుగా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఇది. రాత్రీ పగలూ ఉచితం. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగులో మాట్లాడే వీలుంది.

నేరుగా చూపించుకోవాలంటే జిల్లా ఆసుపత్రి మానసిక విభాగం అడగండి. బెంగళూరులో నిమ్హాన్స్, చెన్నై కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల, పుణెలో ఎరవాడ ఆసుపత్రి, యానాం వారికి దగ్గర్లో కాకినాడ ప్రభుత్వాసుపత్రి ఉన్నాయి. జిల్లాల్లోనే మానసిక వైద్యం అందించే జాతీయ కార్యక్రమం 1996లో మొదలైంది. దానికి నమూనా 1980ల్లో నిమ్హాన్స్ వారు బళ్లారి జిల్లాలో చేసి చూపిన పని. మన వాళ్లు తరతరాలుగా ఉంటున్న జిల్లా దేశానికి దారి చూపింది.

చికిత్సలో ఏముంటుంది

థైరాయిడ్, రక్తహీనత వల్ల కూడా ఇలాంటి లక్షణాలు రావచ్చు కాబట్టి ముందు అవి చూస్తారు. తర్వాత కౌన్సెలింగ్, మాత్రలు, లేదా రెండూ. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి "గుణం లేదు" అని మానేయకండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. వీటికి మత్తుకు పడినట్టు బానిసలవరు. కానీ డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు. అలవాటు పడే ప్రమాదం ఉన్నది నిద్రమాత్రలకు. అవి మందుల షాపులో సొంతంగా కొని వేసుకోవద్దు. గుడికో దర్గాకో మొక్కు ఉంటే తీర్చుకోండి, మాత్ర మాత్రం మానకండి.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే తేలిగ్గా తీసుకోకండి. "చనిపోవాలని ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయండి, ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో అమ్మో అత్తమ్మో మళ్లీ "గుబులుగా ఉంది" అంటే, "నీకేం తక్కువ?" అనకండి. పక్కన కూర్చుని, "ఎప్పట్నుంచమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేది మొత్తం తెలుగులో వినండి. ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి బయల్దేరండి.