గ్రీష్మ విరామం – కృతజ్ఞతా సాధన

విద్యార్థి జీవితంలో ఎవరూ లెక్కలోనికి తీసుకోని కాలం ఒకటి కలదు. పరీక్షలు ముగిసి, ఫలితాలు వెలువడక, నూతన తరగతులు ఆరంభం కాని వేసవి విరామమే అది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఈ నిశ్శబ్దం రోహిణి కార్తెలో పరాకాష్ఠ నందుకొంటుంది. మే 25 ప్రాంతంలో ప్రవేశించే రోహిణి రోళ్లను సైతం పగులగొడుతుందని పెద్దల మాట. రామగుండంలో వేడిమి 45 డిగ్రీలను తాకడం అరుదు కాదు. మానేరు ఇసుక తేలుతుంది. దుక్కి దున్నిన రైతు మృగశిర చినుకు కొరకు ఆకాశం వైపు చూస్తూ ఉంటాడు.

ఈ కాలాన్ని వ్యర్థమని తలచేవారు అనేకులు. కాని, ఆత్మ తన్ను తాను పరిశీలించుకొనుటకు ఇంతకు మించిన అదను లేదు. ఈ సత్యాన్ని గ్రీష్మంలో వచ్చే రంజాన్ మాసం విశదం చేస్తుంది.

తెలుగు పంచాంగమూ, హిజ్రీ పంచాంగమూ రెండూ చంద్రుని ననుసరించేవే. అయితే తెలుగు పంచాంగం రమారమి మూడేండ్లకొకసారి అధిక మాసాన్ని చేర్చుకొని ఋతువులతో పొత్తు నిలుపుకొంటుంది. అందువల్లనే ఉగాది ఎల్లప్పుడూ వసంతంలోనే వస్తుంది. హిజ్రీ పంచాంగంలో అధిక మాసం లేదు. దాని సంవత్సరం సుమారు 354 దినాలు. కనుక రంజాన్ ఏటేటా దాదాపు 11 దినాలు ముందునకు జరుగుతూ, సుమారు 33 ఏండ్లలో ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. 1985లో మే మాసంలో వచ్చిన రంజాన్ తిరిగి 2018లో మే మాసంలోనే వచ్చింది. మరల అట్టి సందర్భం 2051 ప్రాంతంలోనే. 2018లో పదేండ్ల బాలుడు నాటికి నలువది దాటిన గృహస్థు అవుతాడు. 1985 నాటి యువకులలో ఎందరు దానిని చూడగలరో భగవంతునికే ఎరుక. గ్రీష్మ రంజాన్ ఒక మనిషి జీవితంలో రెండు, మూడు పర్యాయాలు మాత్రమే లభించే పాఠం.

మన ప్రాంతంలో చలికాలపు ఉపవాసం పన్నెండు గంటలకు కొంచెం పైచిలుకు. నడివేసవిలో అది పదునాలుగు గంటలు దాటుతుంది. మధ్యాహ్నానికి ఆకలి మరుగున పడి దాహమొక్కటే మిగులుతుంది. సాయంకాలం అజాన్ వినిపించగానే ఖర్జూరంతో పాటు త్రాగే కుండనీటి గుక్కెడు ఏ విందునకూ తీసిపోదు. నీరు అదే, కుండ అదే. మారినది మన ఎరుక మాత్రమే. దివ్య ఖుర్ఆన్ రెండవ అధ్యాయం ఉపవాస విధిని తెలుపుతూ, రోగులకూ బాటసారులకూ సడలింపు నొసగి, దాని ప్రయోజనాలలో ఒకటిగా కృతజ్ఞతను పేర్కొంటుంది. పస్తుండుట కంటె పొందినదాని విలువ తెలియుటయే ముఖ్యమని దీని భావం.

కృతజ్ఞతను అరబ్బీలో ‘శుక్ర్’ అంటారు. 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’ గ్రంథంలో సహనాన్నీ, కృతజ్ఞతనూ ఒకే ప్రకరణంలో చర్చించారు. శుక్ర్‌కు వారు మూడు అంగాలు చెప్పారు. మేలు ఎవరి వలన కలిగెనో గుర్తించుట మొదటిది; అందువలన హృదయంలో జనించే సంతోషం రెండవది; ఆ మేలును సత్కార్యంలో వినియోగించుట మూడవది. నోటితో ‘అల్‌హందులిల్లాహ్’ అని ఊరకుంటే మూడవ అంగం లోపించినట్లే.

ఈ దృష్టితో మన పరిసరాలను చూడండి. మనం నీడ పట్టున ఉండే వేసవిలోనే ఆదిలాబాద్ అడవులలో గిరిజనులు వేకువనే లేచి తునికాకు సేకరిస్తారు. యాబదేసి ఆకులను కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. ఆ ఆకుతోనే జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాల స్త్రీలు బీడీలు చుడతారు. అట్టి తల్లుల సంపాదనతో చదువుకొనే బిడ్డలు మన తరగతులలో లేరా? సింగరేణి గనులలో దిగే కార్మికునికి వేసవి సెలవు లేదు. వాగు ఇసుకలో చెలిమె తోడి బిందె నింపుకొనే తల్లికి నీటి విలువను ఏ ఉపన్యాసమూ బోధింపనక్కరలేదు. మన విశ్రాంతి వెనుక ఇందరి శ్రమ దాగి ఉన్నది.

రంజాన్ ఇతర ఋతువులలో వచ్చే సంవత్సరాలలోనూ ఈ సాధన సాధ్యమే. సోమ, గురువారాల ఐచ్ఛిక ఉపవాసాలున్నవి. అన్యమతస్థులైన మిత్రులకు వారి వారి వ్రతాలున్నవి. దినానికి ఒక గడియ ఏకాంతంలో కూర్చుండి, తమను చదివించినవారిని తలచుకొనవచ్చు. ఫలితం అనుకూలించని విద్యార్థికి ఈ అభ్యాసం మరింత అవసరం. చేజారినదానితో పాటు చేతిలో మిగిలినదానిని కూడ అతడు లెక్కింపగలుగుతాడు. విద్యార్థులూ, కళాశాల సంఘమూ కలసి బాట ప్రక్కన ఒక చలివేంద్రం నడిపితే గజాలీ చెప్పిన మూడవ అంగం నెరవేరుతుంది. అక్కడ నీరు త్రాగేవానిని మతమేదని అడుగబోము.

మృగశిర తొలకరితో కళాశాల ద్వారాలు తెరచుకొంటాయి. వాన కురిసినంత మాత్రాన పంట పండదు. వేసవిలో దున్ని ఉంచిన నేలయే ఆ చినుకును ఇముడ్చుకొంటుంది. విద్యార్థి హృదయం కూడ అట్టిదే. రానున్న విరామాన్ని ఆ దుక్కికై వినియోగింతురు గాక!