చెఱకు రైతు – అగ్రరాజ్యముల వైరము

రుద్రూరు చెఱకుతోటలకును అమెరికా, రష్యాల సిద్ధాంతవైరమునకును సంబంధమేమని పాఠకులడుగవచ్చును. 1947 నాటికి బహిరంగమైన ఆ వైరమున చక్కెరయు ఆయుధమయ్యెను. 1960లో అమెరికా క్యూబా చక్కెరను కొనుట మానగా రష్యా కొనజొచ్చెను. తుదకు ప్రపంచధరకు మించి చెల్లించెను. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమై వైరము ముగియగా క్యూబాకు ఆ బేరము పోయెను. 2002లో అచ్చట సుమారు సగము మిల్లులను మూసివైచిరి.

అదే యేట మన బోధన్ నిజాము చక్కెర కర్మాగారమున అధిక వాటా ప్రభుత్వమునుండి ప్రైవేటువారి వశమయ్యెను. 2015లో అదియు మూతపడెను. కారణములు వేఱు, ఉభయత్ర నష్టపడినవాఁడు చెఱకు రైతే. ఒక్క కొనుగోలుదారునే నమ్మిన పంట పరాధీనము. రైతులు సహకారపద్ధతిని తమ మిల్లును తామే నడుపుకొనుట శ్రేయస్కరమని మేము తలంచుచున్నాము.