మూడు కాలాల్లో కోరంగి మడ అడవి: మా చేనుకి దొరికిన పాఠం

ఈసారి వీడియోలో పొలం కాదు, అడవి చూపిస్తున్నాను. కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి అభయారణ్యం. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

నేనెందుకు వెళ్లానో ముందు చెప్తాను. మా చేను ఉప్పుటేరు పక్కన ఉంది. గట్టు మీద మడ చెట్లు అడ్డమని మేమే కొట్టేశాం. రెండేళ్లకే పోటు నీళ్లు గట్టు కోసేసి ఎకరంన్నర వరిలోకి వచ్చేశాయి. జీవామృతం ఎంత పోసినా ఆ మడిలో నారు బతకలేదు. అందుకే మూడు కాలాల్లో మూడుసార్లు వెళ్లి చూశాను.

వేసవిలో: నది నీళ్లు తగ్గి ఏరు బాగా ఉప్పెక్కుతుంది. అయినా చెట్లు పచ్చగానే ఉన్నాయి. తెల్లమడ ఆకు మీద వేలు రాసి నాలుకకి పెట్టుకుంటే ఉప్పగా ఉంది. వేరు లాగిన ఉప్పుని ఆకు బయటికి నెట్టేస్తుందన్నమాట. ఉప్పు పొన్న అయితే చాలా ఉప్పుని వేరు దగ్గరే ఆపేస్తుంది.

వానాకాలంలో: గోదావరి వరద నీళ్లు ఎర్రగా వస్తాయి. వేళ్ల గుంపులో నీటి వేగం తగ్గి ఒండ్రు కిందికి దిగుతుంది. గట్టుకి బలం అక్కడే. రాలిన ఆకు కుళ్లి పీతలకి, రొయ్యపిల్లలకి మేత అవుతుంది. మనం చేసే ఆచ్ఛాదన లాంటిదే, ఇక్కడ మనిషి చెయ్యి లేదు అంతే.

చలికాలంలో: ఆటు సమయానికి వెళ్తే బురద మీద వలస పక్షులు కనిపిస్తాయి. నీటికుక్కలు, బావురు పిల్లులు కూడా ఈ అడవిలోనే ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

వెళ్లే ముందు ఆటుపోటుల వేళలు అడిగి తెలుసుకోండి. చెక్క బాట దిగకండి, ఏమీ తెంపకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం.

నిరుడు వరదకి మా ఏట్లోకి కొట్టుకొచ్చిన మడ మొలకల్ని ఏరి గట్టు బయటి అంచున నాటాం. సగం పోయాయి, సగం నిలబడ్డాయి. ఆ ఎకరంన్నరలో ఇంకా పంట లేదు. కానీ ఈ ఏడు గట్టు తెగలేదు. మీ గట్టు మీద మడ చెట్టు ఉంటే మాత్రం గొడ్డలి పెట్టకండి.