వెనుక డిస్కులు... ముందు చిక్కులు!
పాత కార్ల బ్రేకుల మార్పిడిలో మరుగున పడుతున్న లెక్కలు

కామ్‌రేజ్ (సూరత్): ముంబయి నుంచి అహ్మదాబాద్ వెళ్లే జాతీయ రహదారి సూరత్ నగరం నడిబొడ్డులోకి రాదు. నగరానికి ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, తపతి నది చెంతనున్న కామ్‌రేజ్ మీదుగా సాగిపోతుంది. ఒకప్పుడు 8వ నంబరుగా దేశమంతా ఎరిగిన ఈ రహదారిని 2010లో 48వ నంబరుగా మార్చారు. సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలకూ ఇది పరిచితమైన కూడలే. బరువు లారీలు, ప్రైవేటు బస్సులు, కొత్త కార్లు ఒకదాని వెనుక ఒకటి దూసుకుపోయే ఇలాంటి రహదారిపైకి పాతికేళ్ల కిందటి కారుతో వచ్చే యజమానికి మొదట గుర్తుకొచ్చేది ఇంజను కాదు, బ్రేకు.

మధ్యలో విభాగిని ఉన్న నాలుగు వరుసల రహదారులపై కార్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్లుగా కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో నిర్ణయించింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్ల నమూనాలు రూపుదిద్దుకున్నది 1950వ దశకంలో. నాటి రోడ్లు వేరు, నాటి వేగాలు వేరు. అందుకే పాత కారును ముచ్చటపడి నిలబెట్టుకున్న వారిలో పలువురు వెనుక చక్రాల డ్రమ్ బ్రేకులను తీయించి, వాటి స్థానంలో డిస్క్ బ్రేకులు బిగించుకోవాలని ఉబలాటపడుతున్నారు. నాలుగు చక్రాలకూ డిస్కులుంటే కారు నాలుగు రెట్లు భద్రమన్న అభిప్రాయం పాతుకుపోయింది. అది పూర్తిగా నిజం కాదు. కొన్ని సందర్భాల్లో అసలు నిజమే కాదు.

డిస్కుకు ఉన్న ఆధిక్యాన్ని ఎవరూ కాదనలేరు. ఈ తరహా బ్రేకుపై ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందారు. అయితే 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో డిస్క్ బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు విజయం సాధించిన తర్వాతే ప్రపంచం దానిని తలెత్తి చూసింది. డ్రమ్ములో బ్రేకు షూలు మూసి ఉన్న గిన్నె లోపల రాపిడి చెందుతాయి. పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, పెడల్ కిందికి దిగుతుంది, పట్టు సడలుతుంది. సుమారు 1,100 కిలోల బరువున్న కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడి, లీటరుకు పైగా చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. ఘాట్ రోడ్డు దిగువకు పదే పదే బ్రేకు వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వర్షాకాలంలో నీళ్లలోంచి వచ్చిన కారు డ్రమ్ముల్లో తడి నిలిచి, తొలి రెండు మూడు బ్రేకులు జారిపోవడం సూరత్‌లోనే కాదు, విజయవాడలోనూ చోదకులకు అనుభవమే. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది గనుక ఈ బాధలు తక్కువ.

బరువంతా ముందుకే

చిక్కు మరోచోట ఉంది. వేగంగా పోతున్న కారుకు బ్రేకు వేయగానే దాని బరువు ముందు చక్రాలపైకి ఒరుగుతుంది. బస్సులో నిలుచున్న ప్రయాణికులు ముందుకు తూలినట్లే ఇదీను. ఇంజను ముందున్న కార్లలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు నూటికి 60 నుంచి 80 వంతుల పని ముందు చక్రాలే చేస్తాయి. వెనుక చక్రాలు తేలికపడి రోడ్డుపై పట్టు కోల్పోతాయి. ఆ క్షణంలో వాటికి కావలసింది ఎక్కువ బ్రేకు కాదు, తక్కువ బ్రేకు. వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే ముందే బిగుసుకుపోతే కారు వెనుక భాగం పక్కకు తిరిగిపోతుంది. తడి రోడ్డుపై అయితే కారు మొత్తం చుట్టు తిరగవచ్చు. ముందు చక్రాలు ముందుగా బిగుసుకుంటే స్టీరింగు మాట వినకపోయినా కారు తిన్నగానే పోతుంది. రెండింటిలో ఇదే నయమని కార్ల తయారీదారులు బ్రేకుల లెక్కను ఆ ప్రకారమే కడతారు. వెనుకకు పోయే ఒత్తిడిని తగ్గించే చిన్న కవాటాన్ని పలు కార్లలో అమర్చేది అందుకే.

అంబాసిడర్ వంటి కారు చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే తిరిగింది. అలాంటి కారులో ముందు డ్రమ్ములను అలాగే ఉంచి వెనుక మాత్రం డిస్కులు బిగించడం ఇంటి ముందు తలుపును వదిలేసి పెరటి తలుపుకు తాళం వేయడమే. డబ్బు ఖర్చు పెట్టదలచిన వారు ముందు చక్రాలతో మొదలుపెట్టాలి. మారుతి 800 వంటి కార్లలో ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్న ఏర్పాటు కేవలం పొదుపు కోసం చేసింది కాదు. నేటికీ మన దేశంలో అమ్ముడవుతున్న చిన్న కార్లలో అధిక భాగానికి వెనుక డ్రమ్ములే. జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన ఐడీ 3 విద్యుత్ కారుకు సైతం వెనుక డ్రమ్ములనే ఎంచుకున్నదని తెలిస్తే డిస్కుల అభిమానులు ఆశ్చర్యపోతారు.

ఇక బిగించే పనిలోని మెలికలు. డ్రమ్ములో ఒక షూ చక్రం తిరిగే వైపే ఒరిగి తనంతట తాను మరింత బిగుస్తుంది. అందువల్ల కాలి ఒత్తిడి తక్కువైనా సరిపోతుంది. డిస్కుకు ఆ గుణం లేదు, దానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. బూస్టర్ లేని పాత కారులో డిస్కులు బిగిస్తే పెడల్ రాయిలా తగులుతుంది. బూస్టర్ పెట్టాలంటే దానికి ఇంజను నుంచి గాలి లాగుడు అందాలి. పెట్రోలు ఇంజనుకు అది సహజంగా లభిస్తుంది, డీజిల్ ఇంజనుకు వేరే పంపు కావాలి. మాస్టర్ సిలిండర్ సంగతి మరీ సున్నితం. డ్రమ్ముల కోసం చేసిన అనేక మాస్టర్ సిలిండర్లలో, పెడల్ వదిలిన తర్వాత కూడా గొట్టాల్లో చదరపు అంగుళానికి సుమారు 10 పౌన్ల ఒత్తిడిని నిలిపి ఉంచే కవాటం ఉంటుంది. దానిని తీయకుండా డిస్కులకు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును ఒరుసుకుంటూనే ఉంటాయి. చక్రం వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది, బ్రేక్ ఆయిల్ మరిగే ప్రమాదం తలెత్తుతుంది. పైగా డిస్కు కాలిపర్‌కు డ్రమ్ము సిలిండర్ కంటే ఎక్కువ ఆయిల్ కావాలి. పాత సిలిండర్ అంత ఆయిల్‌ను నెట్టలేకపోతే పెడల్ అడుగంటుతుంది.

హ్యాండ్ బ్రేక్ మాటేమిటి?

మార్పిడికి సిద్ధపడిన వారు తరచు చివర్లో గుర్తుచేసుకునేది హ్యాండ్ బ్రేక్‌ను. డ్రమ్ములో అది ఒక తీగ, ఒక మీట. అంతే. తుక్కు దుకాణంలో దొరికిన ముందు చక్రాల కాలిపర్లను తెచ్చి వెనుక బిగిస్తే ఆ తీగ తగిలించడానికి చోటే ఉండదు. హ్యాండ్ బ్రేక్ మీట ఉన్న వెనుక కాలిపర్ అయినా కావాలి, డిస్కు మధ్య గిన్నెలో చిన్న డ్రమ్ము ఇమిడి ఉన్న రకమైనా కావాలి. మోటారు వాహనాల నిబంధనలు కాలి బ్రేకుతో పాటు కారును నిలిపి ఉంచే బ్రేకు కూడా ఉండి తీరాలంటున్నాయి. ఏటవాలులో నిలిపిన కారు దొర్లి పోయేది ఎవరి మీదికో చెప్పలేం కదా.

చట్టం సైతం ఈ విషయంలో ఉదాసీనంగా లేదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిరోధిస్తున్నది. కేరళకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను కట్టుదిట్టంగా వ్యాఖ్యానించింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ, కేంద్రం నిర్దేశించే షరతులకు లోబడి కొన్ని మార్పులకు వీలు కల్పించింది. నమోదు పత్రంలో బ్రేకుల రకానికి గడి లేదు గనుక అడిగేవారుండరని కొందరి ధీమా. ప్రమాదం జరిగి బీమా సంస్థ తనిఖీకి వచ్చిన రోజున ఆ ధీమా ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో విచారించడం, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం తెలివైన పని.

ఇవన్నీ చూసుకున్నాక కూడా డిస్కులే కావాలనుకునే వారు వెనుక ఒత్తిడిని సర్దే కవాటాన్ని విధిగా పెట్టించుకోవాలి. ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో మొదలుపెట్టి, ఏ చక్రాలు ముందుగా బిగుసుకుంటున్నాయో బయట నిలిచిన వ్యక్తి చేత చూపించుకోవాలి. వెనుకవైతే ఆ కారును రహదారి ఎక్కించరాదు.

మిగిలిన వారికి ఖర్చు తక్కువ దారి ఒకటుంది. గీతలు పడిన డ్రమ్ములను మార్చడం లేదా కొలత మించకుండా లేత్‌పై సాపు చేయించడం, మంచి లైనర్లు వేయించి సందు సరిచేయించడం, కారుతున్న వీల్ సిలిండర్లను తీసివేయడం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. అందుచేత రెండేళ్లకోసారి దానిని పూర్తిగా మార్చాలి. అరిగిన టైర్లకు ఏ బ్రేకు వేసినా ఫలితం ఒక్కటే. మంచి టైర్లు, సరైన బ్రేకులు ఉన్న కారుకు సైతం 60 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డుపై ఆగడానికి సుమారు 20 మీటర్లు పడితే, 100 కిలోమీటర్ల వేగంలో 56 మీటర్లు పడుతుంది. చోదకుడు తేరుకుని పెడల్ మీద కాలు వేసేలోగా గడిచే ఒక్క సెకనులో కారు దాటే 28 మీటర్లు దీనికి అదనం.