పాత వాహనాల మార్పిడికి ప్రోత్సాహకాలు: ఎవరికి ఎంత మేలు?

పాత వాహనాన్ని అప్పగించి కొత్త వాహనాన్ని కొనుగోలు చేసేవారికి ప్రభుత్వాలు రాయితీలు కల్పించడం కొత్త ఆలోచన కాదు. 1994లో ఫ్రాన్స్ ప్రభుత్వం పదేళ్లు దాటిన కారును తుక్కుకు ఇచ్చి కొత్తది కొన్నవారికి 5,000 ఫ్రాంకులు చెల్లించింది. 2009లో జర్మనీ, అమెరికా దేశాలు భారీ ఎత్తున ఇటువంటి పథకాలను అమలు జరిపాయి. మన దేశంలో 2021లో స్వచ్ఛంద వాహన తుక్కు విధానం ప్రకటింపబడింది. ఈ రాయితీలు సమంజసమా, కాదా అన్న చర్చ ఆయా దేశాలన్నింటిలోనూ జరిగింది. ఆ చర్చ గ్రామీణ రుణగ్రహీతకు కూడా సంబంధించినదే. ఎందుకనగా, రాయితీ ఒక్కసారి అందుతుంది. దానిని అందుకోవడానికి చేసిన అప్పు మాత్రం ఐదేళ్ల పాటు వాయిదాల రూపంలో వెంటాడుతుంది.

అనుకూల వాదన

ప్రోత్సాహకాలను సమర్థించేవారు ముఖ్యంగా నాలుగు కారణాలు చూపుతారు. మొదటిది, కాలుష్యం. మన దేశమంతటా బి.ఎస్.-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుండి, బి.ఎస్.-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకు పూర్వపు ఇంజన్లు కిలోమీటరు ఒక్కింటికి వెలువరించే పొగ, మసి చాలా అధికం. రెండవది, ఇంధనం పొదుపు. మూడవది, ప్రయాణ భద్రత. నాలుగవది, పారిశ్రామిక ప్రయోజనం: కొత్త వాహనాలకు గిరాకీ ఏర్పడుతుంది, పాత వాటి నుండి ఉక్కు, అల్యూమినియం, రాగి తిరిగి లభిస్తాయి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ కొట్టివేయదగినది కాదు. అయితే, ఈ ప్రయోజనాల కోసం వెచ్చించిన ప్రజాధనం తగిన ఫలితాన్ని ఇచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

విదేశాల అనుభవం

అమెరికాలో 2009 జూలైలో ప్రారంభమైన పథకం ఆగస్టు 24వ తేదీతో ముగిసింది. పాత వాహనానికి 3,500 లేదా 4,500 డాలర్ల రాయితీ లభించింది. తొలుత కేటాయించిన 100 కోట్ల డాలర్లు కొద్ది రోజులలోనే హరించుకుపోగా, మరి 200 కోట్లు మంజూరు చేయవలసి వచ్చింది. మొత్తం 6,77,842 వాహనాలు మార్పిడి అయినాయి. అప్పగించిన వాహనాలు తిరిగి రోడ్డెక్కకుండా వాటి ఇంజన్లను ధ్వంసం చేశారు. ఆయిల్ తొలగించి, దాని స్థానంలో సోడియం సిలికేట్ ద్రావణాన్ని పోసి ఇంజన్ నడిపేవారు. వేడికి నీరు ఆవిరైపోగా మిగిలిన గాజువంటి పదార్థం కదిలే భాగాల మధ్య గట్టిపడి, ఇంజన్ శాశ్వతంగా బిగుసుకుపోయేది.

అమ్మకాలు పెరిగిన మాట వాస్తవం. కాని ఆతిఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనంలో ఒక ముఖ్య విషయం వెల్లడైంది. ఆ రెండు నెలలలో అదనంగా అమ్ముడైన సుమారు 3,70,000 కార్లలో దాదాపు అన్నీ, తరువాతి నెలలలో ఎలాగూ కొనుగోలు కావలసినవే. 2010 మార్చి నాటికి ఆ పెరుగుదల దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. అనగా, ప్రభుత్వ ధనం కొత్త కొనుగోలుదారును సృష్టించలేదు. ఉన్న కొనుగోలుదారును కొద్ది నెలలు తొందరపెట్టింది. మరొక వంక, పాత కారు ఇంధన వినియోగం గ్యాలనుకు సగటున 15.8 మైళ్లు కాగా, దాని స్థానంలో కొన్నది 24.9 మైళ్లు ఇచ్చింది. ఈ మేలును విస్మరించరాదు.

జర్మనీలో తొమ్మిదేళ్లు దాటిన కారుకు 2,500 యూరోలు చెల్లించారు. 500 కోట్ల యూరోల వ్యయంతో సుమారు 20 లక్షల కార్లు మార్పిడి అయినాయి. అయితే తుక్కుకు చేరవలసిన కార్లలో కొన్ని విదేశాలకు తరలిపోయినట్లు ఆరోపణలు వచ్చాయి. అక్కడ తగ్గిన పొగ మరొక దేశంలో వెలువడినచో ఆ పథకం ఉద్దేశం నెరవేరినట్లు కాదు.

మన దేశంలోని విధానం

మన విధానం స్వభావం వేరు. ఇక్కడ ప్రభుత్వం నేరుగా నగదు చెల్లించదు. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రంలో వాహనాన్ని అప్పగించినవారికి డిపాజిట్ ధ్రువపత్రం లభిస్తుంది. దాని ఆధారంగా కొత్త వాహనంపై రోడ్డు పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు రాయితీ కల్పించవచ్చునని కేంద్రం 2021 అక్టోబరులో నోటిఫై చేసింది. వాహనాల పన్ను రాష్ట్రాల పరిధిలోనిది కావున, రాయితీ ఎంత అన్నది ఆయా రాష్ట్రాల ఉత్తర్వులపై ఆధారపడుతుంది. రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు కూడా ఉంది. పాత వాహనపు తుక్కు విలువ కొత్త వాహనం షోరూం ధరలో 4 నుండి 6 శాతం ఉంటుందని అంచనా వేశారు. తయారీదారులు 5 శాతం తగ్గింపు ఇవ్వాలని సూచించారు. కాని అది సూచన మాత్రమే. 2024 ఆగస్టులో పలు కార్ల కంపెనీలు పరిమిత కాలానికి అంగీకరించినది 1.5 శాతం లేదా 20,000 రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.

ప్రోత్సాహకంతో పాటు ఒత్తిడి కూడా ఉన్నది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల స్థానే 5,000 అయింది. 20 ఏళ్లు దాటినచో 10,000 రూపాయలుగా 2025 ఆగస్టులో నిర్ణయించారు.

రైతు సోదరులు ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. పదేళ్లు నిండిన ట్రాక్టర్లను తప్పనిసరిగా తుక్కు చేయాలన్న ప్రచారం నిరాధారమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పష్టం చేసింది. వ్యవసాయ ట్రాక్టరు రవాణాయేతర వాహనం. దాని తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆపై ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకొనవచ్చును. ఇటువంటి వదంతులకు భయపడి మంచి స్థితిలో ఉన్న ట్రాక్టరును అయినకాడికి అమ్ముకోవడం తగదు.

వయస్సా, వాడకమా?

వాహనం వయస్సును బట్టి నిర్ణయించాలా, అది వెలువరించే పొగను బట్టి నిర్ణయించాలా అన్నది ఈ చర్చలో కీలకాంశం. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018లో ఖాయపరచింది. 2025 ఆగస్టులో అదే న్యాయస్థానం, వయస్సు ఒక్కటే కారణంగా కఠిన చర్యలు తీసుకోరాదని ఆదేశించి, డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్.-4, అంతకు మించిన ప్రమాణాలు గల వాహనాలకు పరిమితం చేసింది. వయస్సు నుండి ప్రమాణాల వైపు దృష్టి మళ్లడం గమనార్హం.

దీనికి తోడు వాడకాన్ని కూడా లెక్కించాలి. నెలకు మూడు వందల కిలోమీటర్లు తిరిగే పాత కారు కంటే, నిత్యం నగర వీధుల్లో తిరిగే పాత లారీ చేసే హాని ఎన్నో రెట్లు ఎక్కువ. కొత్త వాహనం తయారీకి కూడా ఉక్కు, విద్యుత్తు ఖర్చవుతాయి. కావున తక్కువగా తిరిగే వాహనాన్ని రాయితీ ఇచ్చి మార్పించడం వలన సమాజానికి చేకూరే లాభం స్వల్పం.

ఒక ఉదాహరణ

ఇదే సూత్రం రుణగ్రహీత ఇంటి లెక్కకూ వర్తిస్తుంది. ఊరూరా తిరిగే ఒక విత్తనాల వ్యాపారి తన పాత కారును మార్చి 8,00,000 రూపాయల కొత్త కారు కొనదలచాడనుకుందాం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు ఉద్దేశించినవి.

తుక్కు విలువ 5 శాతం చొప్పున 40,000 రూపాయలు. రోడ్డు పన్ను 96,000 అయినచో అందులో 25 శాతం రాయితీ 24,000. కంపెనీ తగ్గింపు 1.5 శాతం చొప్పున 12,000. రిజిస్ట్రేషన్ రుసుము 600. మొత్తం 76,600 రూపాయలు. ఇందులో 40,000 రాయితీ కానే కాదు. అది అతని సొంత ఇనుము వెల. నిజమైన ప్రోత్సాహకం 36,600 మాత్రమే.

ఇప్పుడు అప్పు సంగతి. 7,00,000 రూపాయల రుణం, 10 శాతం వడ్డీ, 60 వాయిదాలు అయినచో నెలసరి వాయిదా సుమారు 14,873 రూపాయలు. ఐదేళ్లలో చెల్లించే వడ్డీయే సుమారు 1,92,000. ఇది ప్రోత్సాహకానికి ఐదు రెట్ల పైమాట.

పాత కారు లీటరుకు 10, కొత్తది 15 కిలోమీటర్లు ఇచ్చునని, ఇంధనం లీటరు 100 రూపాయలని భావిద్దాం. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవానికి ఇంధనంలో 3,333 రూపాయలు, మరమ్మతులలో 2,000 రూపాయలు ఆదా అయినా, వాయిదాలో మూడింట రెండు వంతుల వరకు ఇతర ఆదాయం నుండి చెల్లించవలసి ఉంటుంది. పంట సొమ్ము ఆలస్యమైన సంవత్సరం అదే బకాయిగా మారుతుంది. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగేవానికి ఇంధనంలో 10,000, మరమ్మతులలో 4,000 ఆదా అవుతాయి. వాయిదా దాదాపుగా తనను తాను తీర్చుకొంటుంది. ఇద్దరికీ రాయితీ ఒక్కటే. ఫలితం మాత్రం భిన్నం.

రుణార్థి గమనించవలసినవి

మొదట, పాత వాహనానికి సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో ఎంత ధర పలుకుతుందో విచారించాలి. పై ఉదాహరణలోని కారు 1,20,000 రూపాయలకు అమ్ముడుపోయే స్థితిలో ఉన్నచో, దానిని తుక్కుకు ఇవ్వడం వలన 43,400 రూపాయల నష్టం. అదే కారు కదలలేని స్థితిలో ఉండి, పాత ఇనుము వ్యాపారి 30,000 మాత్రమే ఇచ్చినచో, గుర్తింపు పొందిన కేంద్రమే మేలు.

రెండవది, వాహనంపై పాత రుణం ఉన్నచో ముందుగా దానిని తీర్చి, బ్యాంకు నుండి ఫారం 35, నిరభ్యంతర పత్రం పొంది, ఆర్.సి.లో హైపోథికేషన్ రద్దు చేయించుకోవాలి. అది తొలగనిదే తుక్కు కేంద్రం వాహనాన్ని స్వీకరించదు.

మూడవది, ఆర్.సి. రద్దు అయ్యేలా చూసుకోకుండా ఎవరికీ వాహనాన్ని తుక్కుకు అప్పగించరాదు. ఆ వాహనం దుర్వినియోగమైనచో బాధ్యత రికార్డులలో ఉన్న యజమానిపైనే పడుతుంది.

నాలుగవది, డిపాజిట్ ధ్రువపత్రం ఇతరులకు బదిలీ చేయదగినది. వెంటనే కొత్త వాహనం కొనే స్తోమత లేనివారు దానిని అమ్ముకొనవచ్చును. రాయితీ వృథా అవుతుందని అప్పు చేయవలసిన అవసరం లేదు.

ప్రభుత్వ ధనం అధికంగా తిరిగే, అధికంగా పొగ వెలువరించే వాహనాల మార్పిడికి వినియోగమైనప్పుడే ఇటువంటి పథకాలకు సార్థకత. రుణగ్రహీత విషయంలోనూ అంతే. బ్యాంకుకు దరఖాస్తు చేసుకొనే ముందు ఆరు నెలల పాటు వాహనం తిరిగిన కిలోమీటర్లు, ఇంధనం ఖర్చు, మరమ్మతుల బిల్లులు ఒక పుస్తకంలో వ్రాసుకొని, వాటిని శాఖలోని క్షేత్రాధికారికి చూపినచో, వాహనాన్ని మార్చడం లాభమో కాదో రాయితీ ప్రకటన కంటే ఆ పుస్తకమే స్పష్టంగా తెలియజేస్తుంది.